కరీం సాబ్ ఇచ్చిన తారీఖు

పొద్దున లేవగానే గోడమీది క్యాలెండరు నుంచి నిన్నటి కాగితాన్ని చింపడం మా ఇంట్లో నా పని. ఆ పలచని కాగితం పర్రుమని ఊడిరాగానే కింది అంకెతో పాటు అచ్చు సిరా వాసన సన్నగా ముక్కుకు తగులుతుంది. ఆ వాసనకు నాకు ప్రతిసారీ బాన్సువాడలో మేం చదువుకున్న పాత బడి, దాని నల్లబల్ల, బల్ల ముందు సుద్దముక్క పట్టుకుని నిలబడ్డ కరీం సాబ్ గుర్తొస్తారు. ఆయనను చూడనివారికి ఎలా చెప్పాలి? పొడుగు మనిషి, కొంచెం వంగిన భుజాలు, రంగు వెలిసిన టోపీ. పాఠం మధ్యలో హఠాత్తుగా ఆగి, కిటికీలోంచి బయటికి చూస్తూ మమ్మల్ని ఏదో ఒకటి అడిగేవారు. మిగతా పంతుళ్ళు తమకు జవాబు తెలిసిన ప్రశ్నలే అడిగేవారు. కరీం సాబ్ అడిగేవాటికి చాలాసార్లు ఆయనకే జవాబు తెలిసేది కాదు. అందుకే మేం చెప్పేది అంత శ్రద్ధగా వినేవారు.

బడికి రాకముందు ఆయన నిజాంసాగర్ కట్ట పనిలో గుమాస్తా. పని ముగిసి డేరాలు ఎత్తేస్తున్నప్పుడు అక్కడి ఇంజనీరు ఒకరు సామాను బరువని వదిలేసిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఆయనకు దక్కింది. ఏడాదిలో ప్రతి తారీఖు కింద, ఆ రోజున లోకంలో ఎప్పుడెప్పుడు ఏమేం జరిగాయో అందులో అచ్చువేసి ఉండేది. ఆ పుస్తకమే ఆయనను పంతులుగా మార్చిందని మా ఊళ్ళో అనుకునేవారు. చదివింది ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండలేకపోయేవారట.

నేను బడిలో చేరింది ఎనిమిదో ఏట, పెద్ద యుద్ధం మొదలైన మరుసటి సంవత్సరం. మా అమ్మను మేం అవ్వ అనేవాళ్ళం. పేరు లచ్చవ్వ. ఇంట్లో బీడీలు చుట్టి సేటుకు ఇచ్చేది. మా బాపు కట్ట పనిలో చలిజ్వరం తగిలించుకుని, తర్వాత ఎన్నడూ పూర్తిగా కోలుకోక, నాకు ఊహ తెలియకముందే పోయాడు. ఆ రోజుల్లో బడిలో చేరే పిల్లలందరికీ పంతుళ్ళు నోటికొచ్చిన తేదీ ఒకటి రాసేసేవారు. సగం మంది ఒకే రోజున పుట్టినట్టు ఉండేది. కరీం సాబ్ అలా రాయలేదు. కలం పక్కన పెట్టి అవ్వను అడిగారు.

"లచ్చవ్వా, బిడ్డ ఏ దినం పుట్టింది?"

"పుట్టిన దినం ఎవలకెర్క సాబ్. కాలువల నీళ్లొచ్చిన మరుసటేడు. వానలు కొడుతున్నయి."

"ఏ నెల?"

"శ్రావణం. రాఖీ పున్నానికి ముంగటి దినం. మా తమ్ముడు రాఖీ కట్టించుకుందమని కోటగిరి నుంచి వచ్చిండు. నేను పురిట్ల ఉంటి. పాపం తడిసి వాకిట్లనే కూసున్నడు. ఆడివిల్లకు తారీఖెందుకు సాబ్, ఏదో ఒకటి రాయుండ్రి."

"ఏదో ఒకటి ఎట్ల రాస్త? ఆమె ఏదో ఒక దినం పుట్టలేదు గద. గా దినమే పుట్టింది."

మా ఊళ్ళో అప్పుడు ఒకే దినానికి నాలుగు పేర్లుండేవి. కచేరీలో ఫసలీ తారీఖు, మసీదులో హిజ్రీ, జోషి దగ్గర తిథి, పోస్టాఫీసులో ఇంగ్లీషు తేదీ. కరీం సాబ్ నన్ను, అవ్వను వెంటబెట్టుకుని పాత పంచాంగాలు పారేయని జోషిగారింటికి వెళ్ళారు. ఇద్దరూ అరుగుమీద కూర్చుని, ఒకరు తిథులు, ఒకరు తేదీలు చెప్పుకుంటూ, మధ్యలో వాదులాడుకుంటూ లెక్కతేల్చారు. ఆగస్టు పదిహేను. జోషిగారు పంచాంగం మూస్తూ, "ఒక్క పిల్లకు గింత పనా కరీం భాయ్" అన్నారు. కరీం సాబ్ అప్పటికే నావైపు వంగి కూర్చున్నారు.

"గంగామణీ, నీ తారీఖున ఏం జరిగిందో ఎర్కనా? నువ్వు పుట్టకముందు, శాన దూరం దేశంల, రెండు సముద్రాలను కలిపే కాలువ తెరిచిన్రు. పనామా కాలువ."

"మన కాలువంత ఉంటదా?"

"మన కాలువల పొలానికి నీళ్లు పోతయి. దాంట్ల ఓడలే పోతయి. మెట్లు మెట్లుగ నీళ్లు నింపుకుంట ఓడను పైకెత్తుతరు, మల్ల కిందికి దింపుతరు."

నేను కొంతసేపు ఆలోచించి అడిగానట. ఈ మాట అవ్వ తర్వాత చాలాసార్లు చెప్పేది. "ఆడ పనిచేసినోళ్లు కూడ జ్వరమొచ్చి చచ్చిపోయిన్రా?" అన్నానట. కరీం సాబ్ అవ్వవైపు ఒకసారి చూసి, "పోయిన్రు బిడ్డా. వేలమంది పోయిన్రు. దోమలు" అన్నారు. సముద్రాల సంగతి అవ్వకు పట్టలేదు. దోమల సంగతి పట్టింది. ఇంటికి వెళ్తూ, "ఆడ కూడ గంతేనట" అని తనలో తాను అనుకుంది. బాపు చావు గురించి ఆమె కోపం లేకుండా మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

మా చదువు ఉర్దూలో. ఇంట్లో ఎవరికీ రాని భాష కాబట్టి పుస్తకం పాఠం మాకు నీళ్ళలో సగమే కనబడే రాయిలా ఉండేది. కానీ పొద్దున మొదటి గంటకు ముందు కరీం సాబ్ బల్లమీద ఇంగ్లీషు తేదీ రాసి, ఆ తేదీ కథ ఒకటి తెలుగులో చెప్పేవారు. ఏప్రిల్ పదిహేనున మంచుకొండకు తగిలిన పెద్ద ఓడ సముద్రంలో మునిగిందని చెప్పినప్పుడు, బాన్సువాడ ఎండలో కూర్చున్న మాకు మంచుకొండ ఎలా ఉంటుందో తెలియక పొద్దంతా అదే గోల. జూలై పద్నాలుగున ఫ్రాన్సు దేశపు జనం జైలుకోటను పట్టుకున్నారని, డిసెంబరు పదిహేడున ఇద్దరు అన్నదమ్ములు తాము కట్టుకున్న యంత్రంతో గాలిలోకి లేచారని ఆయన నోటనే విన్నాం. శుక్రవారం బడికి సెలవు. ఆనాటి కథ బాకీ పడకుండా శనివారం రెండు తేదీలు రాసి రెండు కథలు చెప్పేవారు.

ఎవరి తారీఖు గొప్పదో మాలో మాకు పంతాలుండేవి. సాయిలు అనే పిల్లవాడి తారీఖు కింద పుస్తకంలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. ఎక్కడో ఎవరో రాజుగారి పెళ్ళి తప్ప. సాయిలు ఏడుపుమొహం పెట్టాడు. "నా దినం ఏం జరుగలేదా సార్?"

"జరుగలేదని కాదు సాయిలూ. నాకు తెల్వదు. పుస్తకం రాసినోనికి కూడ తెల్వదు. పోయి మీ తాతను అడుగు, నువ్వు పుట్టిన దినం ఏమైందో."

మరునాడు సాయిలు పరుగెత్తుకుంటూ వచ్చాడు. వాడు పుట్టిన రోజున మంజీరకు వరదొచ్చి, వాళ్ళ తాత ఎద్దు కొట్టుకుపోయి, అందరూ ఆశ వదులుకున్నాక ఎక్కడో దిగువన ఒడ్డెక్కి, దానంతట అదే నడుచుకుంటూ ఇంటికొచ్చిందట. కరీం సాబ్ అది మొత్తం విన్నారు. ఎద్దు ఏ రంగు, ఏ పక్కన ఒడ్డెక్కింది అని అడిగారు. ఆ తారీఖు వచ్చినప్పుడు బల్లమీద రాజుగారి పెళ్ళి పక్కనే సాయిలు తాత ఎద్దు సంగతి కూడా అదే పెద్ద అక్షరాలతో రాశారు. మేం నవ్వాం. ఆయన నవ్వలేదు.

నాకు పన్నెండు నిండేసరికి అవ్వ నన్ను బడి మానిపించింది. యుద్ధం నడుస్తోంది. అన్నీ ప్రియమయ్యాయి. ఇంటికి మరో జత చేతులు కావాలి. మా వాకిట్లో మధ్యాహ్నాలు నలుగురైదుగురు ఆడవాళ్ళు చేరి, చాటలు ఒడిలో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్ళు. నేనూ వాళ్ళలో కూర్చుని తునికాకు కత్తిరించడం మొదలుపెట్టాను. వారం తిరగకుండా కరీం సాబ్ వచ్చారు. గడపలోకి రాకుండా వాకిలి బయటే నిలబడి, అవ్వతో బతిమాలినట్టు కాక, బేరం ఆడినట్టు మాట్లాడారు.

"పొద్దుగాల బడికి పంపు లచ్చవ్వా. పగటీలి వచ్చి బీడీలు చేస్తది. చేతులు బీడీలు చేస్తయి, నోరు ఖాళీగనే ఉంటది గద. ఆ దినం కథ మీకందరికి చెప్తది."

"కథతోని కడుపు నిండుతదా సాబ్?"

"నిండదు. పొద్దు గడుస్తది."

అవ్వ నవ్వింది. పొద్దు గడవడం ఎంత కష్టమో వంగి బీడీలు చుట్టేవాళ్ళకే తెలుసు. అలా నేను మళ్ళీ బడికి వెళ్ళాను. మధ్యాహ్నం ఇంటికొచ్చి, ఓడలూ రాజులూ యుద్ధాలూ వాళ్ళకు చెప్పేదాన్ని. కొన్నాళ్ళు బాగానే విన్నారు. ఒకరోజు పోశవ్వ అనే ముసలామె చుట్టిన బీడీకి దారం కడుతూ, తల ఎత్తకుండానే అడిగింది. "అన్ని దినాలు మొగోళ్లే చేసిన్రు. ఆ దినాలల్ల ఆడోళ్లేం చేసిన్రే?"

నాకు తెలియలేదు. మరునాడు కరీం సాబ్‌ను అడిగాను. ఆయన పుస్తకం తెరిచి, ఆగి, మళ్ళీ వెనక్కి తిప్పారు. ఒక రాణి పట్టాభిషేకం, ఒక నర్సు పుట్టుక దొరికాయి. పుస్తకం మూసేశారు. ఆ సాయంత్రం స్వయంగా మా వాకిలి ముందుకొచ్చి, "పోశవ్వా, నువ్వడిగినదానికి నాకు తెల్వదు. దీంట్ల రాయలేదు" అన్నారు. ఒక పంతులు ఒక బీడీల ముసలమ్మ దగ్గరికి నడిచొచ్చి తెలియదని చెప్పడం ఆ వాకిట్లో ఎవరికీ ఎలా తీసుకోవాలో అర్థం కాలేదు. పోశవ్వ మాత్రం, "రాసినోడు ఇంట్ల బువ్వ తినలేదా ఏంది" అని మళ్ళీ దారం అందుకుంది.

ఆ మరుసటి ఏడు నా తారీఖున జపాను లొంగిపోయింది, యుద్ధం అయిపోయిందని ఒక వర్తకుడి రేడియోలో విన్న మాట ఊరంతా పాకింది. సంబరంగా పరుగెత్తి వచ్చి వాకిట్లో చెప్పాను. అందరూ మంచిదన్నారు. పోశవ్వ కొడుకు బాలయ్య పటాలంలో చేరి మలయా వైపు వెళ్ళాడు. మూడేళ్ళుగా జాడ లేదు. ఆమె చాట పక్కన పెట్టి, "మరి నా కొడుకు ఏ తారీఖుకు వస్తడు?" అని అడిగింది. నేను ఆ ప్రశ్నను కూడా కరీం సాబ్ దగ్గరికి మోసుకెళ్ళాను. ఆయన పై అధికారులకు రాశారు, ఎవరెవరినో అడిగారు. జవాబు రాలేదు. బాలయ్యా రాలేదు. ఆ తర్వాత ఆయన యుద్ధం ముగిసిన తారీఖు చెప్పినప్పుడల్లా, "కొందరికి" అనే మాట చేర్చి చెప్పేవారు.

నాకు పదిహేను నిండిన ఆగస్టు పదిహేను శుక్రవారం. బడి లేదు. ఇంగ్లీషువాళ్ళు వెళ్ళిపోతున్నారని, ఢిల్లీలో జెండా మారిందని ఊరికంతా తెలుసు. మా దగ్గర మాత్రం నిజాం రాజ్యమే. జెండా ఎత్తబోయినవాళ్ళను ఎక్కడెక్కడో పట్టుకుపోయారని గుసగుసలు. ఆ మాట బడిలో ఎత్తకూడదని పంతుళ్ళకు నోటిమాటగా హుకుం వచ్చిందని కూడా విన్నాం. శనివారం పొద్దున మా ఏడో తరగతి ఊపిరి బిగబట్టి కూర్చుంది. ఆయన నిన్నటి తేదీ రాస్తారా, రాయరా?

కరీం సాబ్ వచ్చారు. సుద్దముక్క తీసుకుని ఎప్పటిలాగే రెండు తేదీలు రాశారు. మొదటిది ఆగస్టు పదిహేను. పనామా కాలువ చెప్పారు. యుద్ధం చెప్పారు, కొందరికి ముగిసిందన్నారు. అక్కడితో ఆగుతారనుకున్నాం. పెద్దపంతులు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. భయస్తుడు. ఆయన తల అడ్డంగా ఊపడం మేమంతా చూశాం. కరీం సాబ్ కూడా చూశారు.

"ఇంకోటున్నది," అన్నారు మామూలు గొంతుతో. "నిన్న హిందుస్తాన్‌ల ఇంగ్లీషోళ్ల రాజ్యం అయిపోయింది. ఆ దేశం రెండు దేశాలైంది. ఆడ జెండా మారింది, ఈడ మారలేదు. మంచిదా చెడ్డదా అని నన్ను అడుగకుండ్రి, ముంగట ఏమైతదో నాకు తెల్వదు. జరిగిందా అంటే జరిగింది."

అంతే. ఉపన్యాసం లేదు. తర్వాత శనివారం తేదీ కథ చెప్పి, ఉర్దూ పుస్తకం తీయమన్నారు. పెద్దపంతులు అరుగుమీదికి పిలిచి, "ఒక్క దినం చెప్పకుంటే ఏమైతుండె కరీం సాబ్? పిల్లలు గలోళ్లు" అనడం మాకు వినబడింది. "ఒక్క దినం ఇడిచిపెడితే, మిగిలిన దినాలు ఈ పోరగాళ్లు నమ్ముతరా?" అన్నది కరీం సాబ్ జవాబు.

నెల తిరక్కముందే ఆయనను జుక్కల్ వైపు మారుమూల పల్లెకు బదిలీ చేశారు. భార్య జైనబ్ బీ, ఇద్దరు చిన్నపిల్లలు బాన్సువాడలోనే ఉండిపోయారు. తనవాళ్ళలో కొందరు ఆయనను ద్రోహి అన్నారు. ఆ మాట ఆయనకు ఎంత తగిలిందో నాకు తెలియదు. వెళ్ళేముందు మా వాకిటికి వచ్చి, నన్ను పరీక్షకు కట్టించమని అవ్వకు చెప్పి, పోశవ్వకు సలాం చేసి వెళ్ళారు.

మరుసటి ఏడాది సెప్టెంబరులో సైన్యాలు వచ్చాయి, నిజాం లొంగిపోయాడు. ఊళ్ళో ఒకవైపు డప్పులు, ఒకవైపు మూసిన తలుపులు. అంతకుముందు నెలల్లో రజాకార్ల చేతిలో దెబ్బలు తిన్నవాళ్ళ కోపం, ఆ దెబ్బలు కొట్టినవాళ్ళు దొరక్క, ఏ పాపం తెలియనివాళ్ళ మీదికి మళ్ళింది. పగటిపూట, మేం బీడీలు చేస్తుండగా, జైనబ్ బీ పిల్లలను చంకనేసుకుని మా పెరట్లోంచి వచ్చింది. అవ్వ తన చీర ఒకటి ఇచ్చి కట్టుకోమంది. నుదుట బొట్టు పెట్టబోయి, ఆగి, ఆమె మొహం చూసింది. జైనబ్ బీ తల ఊపింది. ఆమెను మా నడుమ కూర్చోబెట్టి ఒడిలో చాట పెట్టారు. పిల్లలను నేను లోపల ధాన్యపు గుమ్మి వెనక్కి తీసుకెళ్ళాను.

కర్రలు పట్టుకున్న మనుషులు వాకిట్లోకి వచ్చారు. ఇద్దరు ముగ్గురు మాకు తెలిసినవాళ్ళే. "ఆ మాస్టరు పెండ్లాం ఇటొచ్చిందా?" అని అడిగారు. పిల్లలు కదలకుండా ఉండాలని నేను చెవిలో గుసగుసగా ఓడ మెట్లెక్కే కాలువ కథ చెబుతున్నాను. చిన్నవాడు కళ్ళు పెద్దవి చేసి, "ఓడకు కాళ్ళుంటయా?" అని అంతే గుసగుసగా అడిగాడు. వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. బయట పోశవ్వ గొంతు వినబడింది.

"ఎవలొస్తరయ్యా? అందరం గీడనే ఉన్నం, చూస్తలేరా? వెలుగుకు అడ్డం నిలవడకుండ్రి, దారం కనవడ్తలేదు."

వాళ్ళు కాసేపు నిలబడ్డారు. కొడుకు కోసం ఎదురుచూసే ముసలిదాని ముందు కర్రలు పట్టుకు నిలబడటం వాళ్ళకే సిగ్గనిపించిందో ఏమో, వెళ్ళిపోయారు. జైనబ్ బీ, పిల్లలు ఊరు చల్లబడేదాకా మా ఇంట్లోనే ఉన్నారు. ఆమెకు బీడీ చుట్టడం రాదు. చుట్టినవన్నీ విడిపోయేవి. అవ్వ అవి విప్పి మళ్ళీ చుట్టేది.

కరీం సాబ్‌ను జుక్కల్ దగ్గరి మరాఠీ రైతు ఒకాయన తన బండిలో తెచ్చి దింపాడు. గడ్డం మాసి, చిక్కిపోయి ఉన్నారు. పిల్లలను దగ్గరికి తీసుకున్నాక, ఎప్పుడూ గడప దాటని మనిషి మా వాకిట్లోకి వచ్చి నేలమీద కూర్చున్నారు. "లచ్చవ్వా, ఆ దినం ఏమైందో చెప్పు" అన్నారు.

"ఏం కాలే సాబ్. బీడీలు చేసినం."

"గట్ల కాదు. ఎవలెవలు కూసున్నరు? ఏ దిక్కు కూసున్నరు? వాళ్లొచ్చి ఏమన్నరు, పోశవ్వ ఏమన్నది? అన్ని చెప్పు. నాకు అన్ని తెల్వాలె."

అవ్వ మొదట మొహమాటపడింది. తర్వాత చెప్పింది. ఒకరు మరిచింది ఒకరు అందిస్తూ, అందరూ చెప్పారు. ఆయన టోపీ తీసి ఒడిలో పెట్టుకుని, తొలిసారి బడికొచ్చిన పిల్లవాడిలా విన్నారు. పోశవ్వ వెలుగుకు అడ్డం నిలబడొద్దన్న చోట నవ్వబోయి, నవ్వలేక మొహం తిప్పుకున్నారు.

తర్వాత ఆయనకు బాన్సువాడ బడిలోనే మళ్ళీ ఉద్యోగం ఇచ్చారు. నేను పరీక్ష రాశాను. కొన్నేళ్ళకు కోటగిరి దగ్గర పల్లెలో పంతులమ్మనయ్యాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన ఒకసారి వచ్చి, నా తరగతి వెనక గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఒక పిల్ల లేచి, చీకట్లో చెట్లు నిద్రపోతాయా అని అడిగింది. పెద్దాయన ముందు తెలియదనడం నామోషీ అనిపించి ఏదో అల్లబోయాను. ఆయన వైపు చూశాను. ఆయన ముందుకు వంగి, ఆ పిల్లకంటే ఎక్కువ ఆత్రంగా నా జవాబు కోసం చూస్తున్నారు. నిజంగానే తెలుసుకోవాలని. అలాంటి మనిషికి అబద్ధం ఎలా చెప్పను?

"నాకు తెల్వదు బిడ్డా," అన్నాను. "ఇయ్యాల చీకటి పడ్డంక చూద్దం పట్టు."

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ పిల్ల చెట్ల సంగతి అడిగిన రోజు మొదలు నేను బడిలో అన్నిటికంటే ఎక్కువగా పలికిన మాట 'నాకు తెల్వదు'. పిల్లలు నా వెనక నాకు 'తెల్వదు టీచరమ్మ' అని పేరు పెట్టుకున్నారు. మొన్న బజారులో ట్రాక్టరు ఆపి దిగిన నడివయసు మనిషి నాకు దండం పెట్టి, పక్కనున్న భార్యతో, "గీమెనే మా తెల్వదు టీచరమ్మ" అన్నాడు. ఆమె సిగ్గుపడి, గట్ల అంటరా అని మొగుణ్ణి కసిరింది. "అననియ్యమ్మా," అన్నాను. "ఆ పేరు నాకు శాన కష్టపడితే వచ్చింది."